ఆదివారం పడిన వాన

డెరివేటివ్స్, అంటే రేపటి ధరల మీద ఇవాళే రాసుకునే ఒప్పందాల పాఠం చెప్పే పెద్దాయనకు విద్యార్థులు అంచనా మాస్టారు అని పేరు పెట్టుకున్నారు. లిఫ్టు ఎన్ని నిమిషాలకు వస్తుందో, చేతిలో టీ ఎప్పటికి చల్లారుతుందో కూడా ఆయన శాతాల్లో చెప్పేవాడు. లిఫ్టు ఏనాడూ ఆయన మాట విన్న పాపాన పోలేదు, అది వేరే సంగతి. రేపు ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు, కానీ ఆ తెలియకపోవడానికే ఇవాళ ఒక ధర కట్టవచ్చు అని ఆయన మొదటి క్లాసులో బోర్డు మీద నిరూపించాడు. వెనక బెంచీలో కూర్చున్న అమ్మాయికి ఒళ్ళు పులకరించింది. ఆమె పెరిగింది ఉప్పుమళ్ళ పక్కన మరి.

తండ్రి పోయాక ఆమెనూ తల్లినీ కడుపులో పెట్టుకుని చూసుకున్నవాడు మేనమామ. సముద్రపు నీటిని మళ్ళలోకి పారించి, ఎండకు వదిలి, తేలిన ఉప్పును కుప్పలు పోయించడం ఆయన పని. ఎండాకాలంలో ఒక్క పెద్ద వాన పడిందంటే రెండు వారాల కష్టం మళ్ళీ నీళ్ళే.

"ఊరంతా వాన కావాలని దండం పెడుతుంది, నేనొక్కణ్ణే వద్దని పెడతా. దేవుడు ఎవరి మాట వింటాడే లెక్కలమ్మా?" అనేవాడు. ఆ పేరు ఆయన పెట్టిందే.

చివరి ఏడాది ప్రాజెక్టుకు ఆమె ఆ వాననే తలకెత్తుకుంది. ఒక బీమా కంపెనీ వాన మీద ఆప్షన్లు, అంటే ముందుగా కొంత ధర తీసుకుని వాన పడితే డబ్బిచ్చే ఒప్పందాలు అమ్మాలనుకుంది. ధర కట్టే పని అంచనా మాస్టారి దగ్గరికి వచ్చింది, ఆయన దగ్గర్నుంచి ఈమె నెత్తిన పడింది. షరతు చిన్నది. ఎండాకాలం రెండు నెలల్లో, పది మిల్లీమీటర్లు గానీ అంతకు మించి గానీ వాన పడిన రోజులు ఐదు వస్తే, కొన్నవాడికి కంపెనీ ఒప్పుకున్న మొత్తం ఇస్తుంది. ఎవరూ వచ్చి నష్టం చూడరు. ఉప్పుమళ్ళ దగ్గరున్న రేవు ఆఫీసు పెరట్లో వాన కొలిచే గొట్టం ఏం చెబితే అదే మాట.

రోజూ సాయంత్రం ఐదింటికి అక్కడి గుమాస్తా ఆ గొట్టంలో నీళ్ళు కొలిచి రిజిస్టరులో రాస్తాడు. ముప్పై ఏళ్ళ అంకెలు కంప్యూటరుకు ఎక్కిస్తే ఒక వింత బయటపడింది. ఆదివారం గడి ఎప్పుడూ ఖాళీ, సోమవారానికి మాత్రం రెట్టింపు వాన. వానకు సోమవారమంటే అంత ప్రేమ ఎందుకో తేలడానికి ఆమెకు ఒక పూట పట్టింది. ఆదివారం గుమాస్తాకు సెలవు. రెండు రోజుల నీళ్ళూ సోమవారం సాయంత్రం ఒక్కసారే కొలతకు వస్తున్నాయి.

"సగం చేసి రెండు రోజులకీ పంచెయ్యమ్మా. మొత్తం మారదు, సగటూ మారదు," అన్నాడు మాస్టారు.

పంచేసింది. గ్రాఫు నున్నగా వచ్చింది. ధరకు వాడిన పద్ధతే చెల్లింపుకూ ఉండాలి కాబట్టి, సోమవారపు కొలతను రెండు రోజులకు సమంగా పంచాలని ఒప్పందంలోనూ రాసింది. ఆ వాక్యం అచ్చులో చూసుకుని మురిసిపోయింది కూడా.

మొదటి ఒప్పందాల్లో ఒకటి మేనమామే కొన్నాడు.

"ఈ ధర కట్టింది నువ్వేనా?"

"నేనే మావయ్యా."

"అయితే చదవక్కర్లేదు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు."

ఆ ఏడాది వానలు పగబట్టినట్టు కురిశాయి. గడువు ఇంకో వారం ఉందనగా లెక్కకు వచ్చిన రోజులు నాలుగు. ప్రాజెక్టు థీసిస్ చివరి అధ్యాయం రాసుకోవడానికి ఆమె ఇంటికి వచ్చింది. మర్నాటితో గడువు తీరుతుందనగా, ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి మబ్బు కమ్మింది. ఆమె, మేనమామ, ఆరుగురు కూలీలు టార్పాలిన్లు లాగుతుండగానే గాలి వాటిని చింపేసింది. గంటసేపు కురిసింది. కాళ్ళ కిందే ఉప్పు కరిగిపోతుంటే మేనమామ నిలువెల్లా తడిసి నవ్వాడు.

"పోతే పోయిందిలేవే. ఐదోది పడిందిగా."

వాన చూసి ఆయన నవ్వడం పుట్టి బుద్ధెరిగాక ఆమె చూడలేదు. తనూ నవ్వింది. షెడ్డు దాకా నడిచాక గానీ ఆ రోజు ఆదివారమని గుర్తు రాలేదు.

మర్నాడు ఎండ దంచింది. సాయంత్రం ఐదింటికి ఆమె గొట్టం దగ్గర నిలబడి ఉంది. గుమాస్తా వంగి చూసి, "పద్దెనిమిదమ్మా, అంతా నిన్నటిదే," అన్నాడు. రిజిస్టరులో మాత్రం పద్దెనిమిది అనే రాశాడు, నిన్నటిదని రాసే గడి అందులో లేదు. పంచితే తొమ్మిది, తొమ్మిది. పదికి ఏదీ చేరలేదు.

ఆమె ఆ రాత్రే బస్సెక్కి మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"సోమవారం చుక్క పడలేదు సార్. నేనక్కడే ఉన్నాను."

"నువ్వున్నావమ్మా. ఆ సంగతి డేటాలో లేదు కదా." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "పంచకపోతే పాత లెక్కల్లో ఐదు రోజులు ఇంకా తరచుగా వచ్చేవి, ధర ఎక్కువ పడేది. మీ మావయ్య పంచిన ధరకే కొన్నాడు."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే ఆమెకు ఒళ్ళు మండింది. ఆ పంపకం తనదైనందుకు ఇంకా మండింది. నున్నటి గ్రాఫు కోసం, వాన ఎప్పుడు పడిందో చూసినవాళ్ళని ఒక్కరినైనా అడగకుండా తనే పంచింది.

ఆయన ఒక కాగితం ముందుకు జరిపాడు. ధర కట్టినవాళ్ళే చివరి లెక్క ధ్రువీకరించాలని కంపెనీ అడిగింది. థీసిస్‌లో ఆఖరి పేజీ కూడా అదే.

"నేను పెట్టకపోతే సార్?"

"ఇంకొకళ్ళు పెడతారు. తొమ్మిది తొమ్మిదిగానే ఉంటుంది. నీ డిగ్రీ మాత్రం వచ్చే ఏడాదికి పోతుంది."

పెట్టింది. కింద తేదీ కూడా పొందిగ్గా వేసింది, అదే ఆమెకు తర్వాత సిగ్గనిపించింది.

వైవాకు వచ్చిన పరీక్షకుడు సోమవారాలను సర్దిన తీరు చాలా సొగసుగా ఉందని మెచ్చుకున్నాడు. ఆ బ్యాచిలో మొదటి మార్కు ఆమెదే.

మార్కుల కాగితం బ్యాగులోనే ఉంచి, తను సంతకం పెట్టిన లెక్క కాగితం పట్టుకుని ఆమె ఉప్పుమళ్ళకు వెళ్ళింది. మేనమామ ఖాళీ మడిలో బురద ఎత్తుతున్నాడు. చేతులు తుడుచుకుని కాగితం అందుకుని, పెదవులు కదుపుతూ చదివాడు.

"ఆదివారం తొమ్మిది. సోమవారం తొమ్మిది. సోమవారం మనం ఎండకి మాడి చచ్చాం కదే?"

"అవును మావయ్యా."

"మరి వాన పడిందని రాశారు."

"లెక్కలో పడింది."

ఆయన కేకలేస్తే బాగుండునని ఆమె ఎదురుచూసింది. ఆయన వేలు మాత్రం కాగితం అడుగుకు వెళ్ళి ఆగింది.

"ఈ సంతకం నీదేనా?"

"నాదే."

"అయితే చదవక్కర్లేదు," అని కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టి, ఆయన పార తీసుకున్నాడు.