స్టీలు అరకి అవతలి డ్రోన్

పెళ్లయి మూడు నెలలే. మా అద్దెయింట్లో అరచేతిలో ఇమిడే డ్రోన్లు నాలుగు ఎగురుతుంటే చూడటం నాకు రోజూ పండగే. ఆస్ట్రేలియాలోని టూవూంబా యూనివర్సిటీలో నా రీసెర్చ్ అదే. ఇంటి లోపల డ్రోన్లు కబురును ఒకదాని నుంచి ఒకటి అందుకుని హాల్లో ఉన్న నా ల్యాప్‌టాప్‌కి చేర్చాలి. చేరితే పచ్చ లైటు, లేకపోతే ఎర్ర లైటు.

వంటింటి డ్రోన్ ఎప్పుడూ ఎర్రగానే ఉండేది.

సోమవారం మా గైడ్ కరోలిన్‌కి చూపించాలి. అప్పటికీ ఇలాగే ఉంటే డ్రోన్లు వేరేవాళ్లకిచ్చి, నన్ను కాగితం మీద లెక్కలు చేసే టాపిక్‌కి మారుస్తానంది. వాటిని వదులుకోవాలంటే ఏడుపొచ్చింది.

"దానికి సాంబారు వాసన పడట్లేదేమో ఉదయా," అన్నాడు మా ఆయన కిట్టు, హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ.

"నిన్న సాంబారు చేసింది నువ్వే!"

శనివారం స్నేహితుల్ని భోజనానికి పిలిచాం. హాలుకీ వంటింటికీ మధ్య గోడకి బదులు ఒక అర ఉంది. దాని నిండా పెళ్లికొచ్చిన స్టీలు సామాను. సుగుణ పిన్ని ప్రతి గిన్నె మీదా మా పేర్లు చెక్కించి మరీ సూట్‌కేసుల్లో కుక్కింది. కిట్టు బిరియానీ కోసం పెద్ద బేసిన్, డబ్బాలు, గిన్నెలు కిందికి దించాడు. వంటింటి డ్రోన్ పచ్చగా వెలిగింది!

"ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదు. గిన్నెలు తీశానంతే."

"మళ్లీ పెట్టు!" ఎర్ర. "తియ్యి!" పచ్చ.

"తల్లీ, బియ్యం నానుతున్నాయి. గెస్టులొచ్చేస్తారు," అన్నాడు, నవ్వుతూనే మళ్లీ పెడుతూ.

అప్పుడర్థమైంది. అన్నిటికంటే దగ్గరున్న డ్రోన్‌కే కబురివ్వమని నేను ప్రోగ్రాంలో రాశాను. వంటింటికి దగ్గరిది హాల్లోది. మధ్యలో ఉన్న స్టీలు సిగ్నల్‌ని ఆపేస్తోంది. వరండాలోది కాస్త దూరమే కానీ, దానికి ఇటు వంటింటితోనూ అటు హాలుతోనూ అడ్డేమీ లేదు.

"అయితే సామానంతా గరాజ్‌లో పడేద్దాం. ప్రాబ్లమ్ సాల్వ్‌డ్!" అన్నాడు కిట్టు.

"వద్దు. ఆఫీసుల్లో ఐరన్ బీరువాలుండవా? అవి కూడా గరాజ్‌కేనా?"

రూల్ మార్చాను. దగ్గరగా ఉన్నది కాదు, ఇప్పుడే బదులు పలికినది ముఖ్యం. పలక్కపోతే ఇంకోదాన్ని అడగాలి. మర్నాడు గిన్నెలన్నీ మళ్లీ సర్ది ఎగరేశాం. వంటింటి డ్రోన్ హాలుదాన్ని పిలిచింది, బదులు రాలేదు. వరండాదాన్ని పిలిచింది. పచ్చ! కిట్టు చేతిలో గరిటెతోనే గంతులేశాడు.

సోమవారం సామానంతా కార్లో వేసుకుని ల్యాబ్‌కి వెళ్లాం. కరోలిన్ గిన్నెల్ని ఎక్కడ పెట్టమంటే కిట్టు అక్కడ పెట్టాడు. ప్రతిసారీ కబురు దారి మార్చుకుని చేరింది. చివరికి ఆమె బేసిన్‌ని వేలితో టంగుమనిపించి అంది: "డ్రోన్లు నీ దగ్గరే ఉంచుకో. ఇది మాత్రం ల్యాబ్‌లోనే ఉండాలి."

ఆ సాయంత్రం పిన్ని వీడియో కాల్ చేసింది. "పెద్ద బేసిన్ వాడుతున్నారా, అటకెక్కించారా?"

"యూనివర్సిటీ వాళ్లు కూడా వాడుతున్నారు అత్తయ్యా," అన్నాడు కిట్టు.