బావగారి కొండ

ఆమె పని మలమూత్రాలతో. పొద్దున్నే పరీక్షా కేంద్రం కిటికీ దగ్గర కూర్చుని, జనం సిగ్గుపడుతూ కాగితంలో చుట్టి తెచ్చే చిన్న డబ్బాలు అందుకోవాలి. వాటిలోంచి పుల్లతో కాస్త తీసి గాజుపలక మీద పూసి మైక్రోస్కోపు కింద చూడాలి. కొత్తలో కొన్నాళ్ళు అన్నం సహించలేదు. ఆ తరవాత అలవాటైపోయింది. గ్లవ్స్ తీసి, చేతులు కడుక్కుని, పక్కగదిలో హాయిగా డబ్బా విప్పుకుని తినేది. “మా చిన్నకోడలికి రోతన్నదే లేదు” అని అత్తగారు నలుగురిలో అంటూ ఉండేది. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో ఆమెకెప్పుడూ తేలలేదు.

రోత తనకూ ఉందని బావగారి సైకిల్ జట్టులో చేరాక తెలిసింది.

బావగారంటే భర్తకు అన్నయ్య. ఇళ్ళూ స్థలాలూ అమ్మిపెట్టే వ్యాపారం ఆయనది. ఆదివారం వచ్చిందంటే పదిహేనుమందిని వెంటేసుకుని ఊరి బయట కొండదారిలో సైకిళ్ళు తొక్కించేవాడు. ఏటా జరిగే పెద్ద కొండ సవారీకి అది శిక్షణ. కొండ అడుగు నుంచి కనుమ దాకా మలుపు మీద మలుపుగా ఎక్కాలి. మధ్యలో చదును నేలన్నది ఉండదు. ఆయన్ని అందరూ కెప్టెన్ అనేవారు. ఆమె మోకాళ్ళ నొప్పికని సైకిలెక్కి, తొక్కగా తొక్కగా ఆ కొండ మీద మనసు పారేసుకుంది. ఎక్కుడులో తన ఊపిరి తప్ప మరేదీ వినబడదు. ఇంట్లో గానీ పనిలో గానీ ఆమెకు అంత నిశ్శబ్దం ఎన్నడూ దొరకలేదు.

ఆ నిశ్శబ్దం కోసమే బావగారిని భరించింది. ఆయన తొక్కుతూ తొక్కుతూనే ఒక ముక్కు వేలితో మూసి రెండోదాంతో గట్టిగా చీదేవాడు. వెనకవాళ్ళ మీద తుంపర్లు పడితే, కెప్టెన్ వెనకొచ్చేవాళ్ళకు వాన ఉచితం అనేవాడు. దారిలో శక్తి కోసం తినే తియ్యటి జెల్ ప్యాకెట్ పళ్ళతో చింపి, పీల్చి, జిగురు కారుతున్న తొక్కను వాగులోకి విసిరేవాడు. చెమటలో నానిన తువ్వాలు పక్కవాడి చేతికిచ్చి కాసేపు పట్టుకోమనేవాడు. వాళ్ళు పట్టుకునేవాళ్ళు. తుంపర్ల కంటే, తువ్వాలు కంటే, వాళ్ళు అలా పట్టుకోవడమే ఆమెకు ఎక్కువ కంపరం పుట్టించేది.

జట్టులో ఒక రొట్టెల దుకాణం ఆయన ఉండేవాడు. భారీ మనిషి. పొయ్యి తగిలి మోచేతుల దాకా కాలిన మచ్చలు. బావగారు ఆయనకు ‘బన్ను’ అని పేరు పెట్టాడు. అసలు పేరు అందరూ మరిచిపోయారు. బయల్దేరే ముందు బావగారు కారు డిక్కీలోంచి బరువు తూచే యంత్రం తీసి నేల మీద పెట్టేవాడు. తక్కినవాళ్ళు ఎక్కినా ఎక్కకపోయినా బన్ను మాత్రం ఎక్కాల్సిందే. బన్ను ఇంకా పొంగుతూనే ఉందని బావగారు ప్రకటించేవాడు. అందరికంటే ముందు నవ్వేది బన్నే. ఆ నవ్వు చూడలేక ఆమె తన సైకిల్ వైపు తిరిగేది.

పెద్ద సవారీకి ముందు ఆఖరి శిక్షణ రోజు ఎండ మండిపోతోంది. ఎవరైనా ఆగిపోతే ఎక్కించుకోవడానికి బావగారి ఆఫీసు వ్యాను వెనకాలే వస్తుందన్నారు. కొండ సగమెక్కాక, ఒక మలుపులో బన్ను సైకిల్ వంకర్లు తిరిగి రోడ్డు పక్క గోడకు ఆనుకుంది. మనిషి జారి కూర్చుని పచ్చగా కక్కుకున్నాడు. జట్టంతా ఆగింది. బావగారు కిందికి దిగలేదు. ఒక కాలు నేల మీద ఆన్చి, ఫోను తీసి, కక్కుకుంటున్న మనిషిని ఫొటో తీశాడు. ఎవరికోసమూ టైము పాడుచేసుకోవద్దనీ, వ్యాను వచ్చి ఎత్తుకుంటుందనీ చెప్పి కదిలాడు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని అందరూ ఆయన వెనకే పోయారు.

ఆమె మాత్రం ఉండిపోయింది.

బన్ను పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. నాడి చూస్తే పిట్టగుండెలా కొట్టుకుంటోంది. అప్పుడు వాసన తగిలింది. కూర్చున్నచోటే ఆయనకు విరేచనమైపోయింది. బిగుతు నిక్కరు దాటి కాళ్ళ మీదికి కారుతోంది. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

“మీరు వెళ్ళిపోండి చెల్లెమ్మా. చూడకండి.”

“నేను పొద్దున లేస్తే చూసేది ఇదే అన్నయ్యా. రాత్రి ఏం తిన్నారు?”

ఏమీ తినలేదన్నాడు. పొద్దునా తినలేదు. తినకపోగా మాత్రలు మింగాడు. కొండకు ముందు కడుపు ఖాళీ అయితే ఒళ్ళు తేలికవుతుందని కెప్టెన్ విరేచనాల మాత్రలు ఇచ్చాడట. ఒకటి చాలదేమోనని రెండు వేసుకోమన్నాడట.

సీసాలో నీళ్ళతో ఆయన కాళ్ళు కడిగింది. గాలి అడ్డానికి తెచ్చుకున్న తన పల్చటి కోటు ఆయన నడుముకు చుట్టింది. సంచిలోని ఉప్పు, చక్కెర మిగిలిన నీళ్ళలో కలిపి గుక్కగుక్కగా తాగించింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమెకు ఏ రోతా కలగలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

వ్యాను ఎంతకీ రాలేదు. డ్రైవరుకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆ మలుపు నుంచి లోయకు అవతలి వైపు, ఇదే రోడ్డు పైమలుపులు కనిపిస్తాయి. తలెత్తి చూసింది. తెల్ల వ్యాను అక్కడ ఉంది. ఆగకుండా తమను ఎప్పుడు దాటిపోయిందో, బన్ను కాళ్ళు కడిగే హడావుడిలో ఆమె గమనించనే లేదు. నత్తలా పైకి పాకుతోంది. దాని వెనక తలుపు కడ్డీ పట్టుకుని బావగారి పసుపుపచ్చ చొక్కా సాగిపోతోంది. ఆయన కాళ్ళు కదలడం లేదు. వ్యాను లాగుతుంటే సైకిల్ మీద బొమ్మలా నిటారుగా కూర్చుని ఉన్నాడు. జట్టు ఆయనకు బాగా వెనక, కింది మలుపులో రొప్పుతూ తొక్కుతోంది.

ఆమెకు కడుపులోంచి పుల్లటి నీళ్ళు గొంతుకొచ్చాయి. రోడ్డు పక్కకు తిరిగి ఉమ్మేసింది.

చివరికి కూరగాయలు దించి వస్తున్న లారీ ఒకటి వాళ్ళను కిందికి చేర్చింది. ఆసుపత్రిలో బన్నుకు సెలైన్ ఎక్కించారు. ఇంకాస్త ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతినేవని డాక్టరు కోప్పడ్డాడు. ఈలోగా జట్టు ఫోన్లలో రెండు ఫొటోలు తిరుగుతున్నాయి. ఒకటి కనుమ దగ్గర బావగారిది, ఈ ఏడు తన అత్యుత్తమ ఎక్కుడు ఇదేనని రాసి. రెండోది కక్కుకుంటున్న బన్నుది. దాని కింద నవ్వే బొమ్మలు వరసకట్టాయి.

మర్నాటి రాత్రి అత్తగారింట్లో అందరూ భోజనానికి కూర్చున్నారు. తను వచ్చేశాక జరిగింది కూడా ఎవరి ద్వారానో తెలుసుకుని, బావగారు బన్ను కథ మొదలుపెట్టాడు. బన్ను ఎలా కారిపోయిందో మూతి విరిచి, చేతులు తిప్పి అభినయించి చూపించాడు. తోటికోడలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వింది. ఆమె భర్త కూడా నవ్వాడు. ఆ నవ్వు వినగానే ఆమె చేతిలో ముద్ద కంచంలో వదిలేసింది.

“ఆయనకు మాత్రలిచ్చింది మీరే కదా బావగారూ,” అంది. “ఆయన్ని ఎక్కించుకోవాల్సిన వ్యాను పట్టుకుని కొండెక్కిందీ మీరే. నేను అవతల నుంచి చూశాను.”

బావగారు నీళ్ళు తాగి, గ్లాసు నెమ్మదిగా కింద పెట్టాడు.

“ఎదురుగాలి ఎక్కువగా ఉందమ్మాయ్. కాస్త చెయ్యి ఆన్చానంతే. నీకు సైకిల్ కొత్త, ఇవన్నీ తెలియవు.”

అన్నం దగ్గర ఇలాంటి మాటలేమిటని అత్తగారు విసుక్కుంది. అప్పటిదాకా అభినయించిన విరేచనాలకు ఆవిడకు ఏ అభ్యంతరమూ లేకపోయింది. ఇంటికొచ్చాక భర్త, చెప్పాల్సిందేదో ఆయనకు విడిగా చెప్పి ఉండాల్సింది, అందరి ముందూ ఎందుకన్నాడు. ఆమె స్నానాల గదిలోకి వెళ్ళి, ఎన్నడూ లేనిది, కడుపులో ఉన్నదంతా కక్కుకుంది.

అంతకంటే ఆమెను దెబ్బతీసింది బన్ను. ఆసుపత్రి నుంచి వెళ్ళిన రోజే జట్టు ఫోన్లలో ఒక సందేశం పెట్టాడు. తప్పంతా తనదేననీ, తన వల్ల అందరి శిక్షణా పాడైందనీ, కెప్టెన్ తన మేలు కోరే చెప్పాడనీ. కింద పేరు కూడా ‘మీ బన్ను’ అని పెట్టుకున్నాడు. అది చదివి ఆమె ఫోను బోర్లించి పెట్టేసింది. కాళ్ళ మీద కారినదాన్ని కడిగినప్పుడు కలగని ఏవగింపు ఆ రెండు మాటలు చదివితే కలిగింది.

జట్టులోంచి తప్పుకుంది గానీ కొండను వదల్లేదు. మిగిలిన రోజులు ఒంటరిగా సాధన చేసింది. సవారీ రోజున ఎవరి వెనకా కాకుండా, గుంపు ముందుకు పోనిచ్చి, చిన్న గేరులో మెల్లగా తొక్కింది. రెండుసార్లు కండరాలు పట్టేసి దిగాల్సి వచ్చింది. నడిచింది, మళ్ళీ ఎక్కింది. దారి పొడుగునా జిగురు ప్యాకెట్లు, నలిగిన కప్పులు. మనుషులు ఇంత అందమైన చోటికి ఇంత కష్టపడి వచ్చి దాన్ని పెంటకుప్ప చేసి పోవాలా అనుకుంది. చచ్చీ చెడీ కనుమ చేరేసరికి చాలామంది కొండ దిగి వెళ్ళిపోయారు. పైన బావగారు మెడలో పతకంతో, జట్టుతో ఫొటోలు తీయించుకుంటున్నాడు. దారంతా ఇద్దరు కుర్రాళ్ళు వంతులవారీగా ఆయన వీపు మీద చెయ్యేసి నెట్టుకొచ్చారని ఎవరో చెప్పుకుంటున్నారు. అది చెప్పేవాళ్ళ గొంతులో మెప్పే తప్ప ఎగతాళి లేదు.

నీళ్ళ బల్ల దగ్గర బన్ను ఉన్నాడు. సవారీలో తొక్కలేదు, కెప్టెన్ నీళ్ళ పనికి పెట్టాడు. ఆమెను చూసి కప్పు నిండా పోసి, రొట్టె ముక్క తుంచి ఇచ్చాడు. ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

“ఆయన మీద కోపం పెట్టుకోకండి చెల్లెమ్మా.”

“కోపమైతే ఈపాటికి తగ్గేది అన్నయ్యా,” అంది. “ఆయన్ని చూస్తే నాకు రోత. మీ మీద అలాంటిదేం రాకూడదని చూస్తున్నాను.”

బన్ను బల్ల మీద ఒలికిన నీళ్ళు అరచేత్తో తుడిచాడు. అవతల నుంచి బావగారు కేకేశాడు. బన్నూ, నీళ్ళు పట్రా అని. బన్ను కప్పు నింపాడు. చేతిలో పట్టుకుని, వెళ్ళకుండా కాసేపు అక్కడే నిలబడ్డాడు. రెండో కేక వినబడ్డాక, తలవంచుకుని వెళ్ళాడు.

ఆమె రొట్టె మొత్తం నమిలి మింగింది. ఫొటోకి రమ్మని ఎవరో పిలిచారు. వినబడనట్టే హెల్మెట్ బిగించుకుని, కొండకు అవతలి వైపు దారి పట్టింది.