నూకరత్నం చెప్పని పేరు

నేను ఒక బోనును. పులుల్ని పెట్టేది కాదండోయ్, గోదావరి పక్క ఓ చిన్న ఊరి కోర్టులో సాక్షుల్ని నిలబెట్టే బోనును. ఏరు దాటించే పాత పడవను విప్పేస్తే వచ్చిన టేకు చెక్కతో వీరాచారి నన్ను చేశాడు. కొలత తప్పి ఇరుకుగా చేశాడు మహానుభావుడు! లావుపాటి సాక్షులు పక్కవాటుగా దూరి, లోపలికొచ్చాక ఊపిరి పీల్చుకునేవారు.

బంట్రోతు అప్పన్న గుమ్మంలో నిలబడి పేరు మూడుసార్లు కేకేస్తే, అరుగు మీద ఇడ్లీ తింటున్నవాళ్లు చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చేవారు. అదేం చిత్రమో, అరుగు మీద గడగడా నిజాలు మాట్లాడినవాళ్లే నాలోకి ఎక్కి ప్రమాణం చేయగానే ప్లీడరు నేర్పిన పాఠం అప్పజెప్పేవారు. అప్పుడు నా అంచు చెక్కను తెగ బిగించి పట్టుకునేవారు. పట్టుకోనీండి, టేకును కదా, తట్టుకున్నాను.

ఒకరోజు నూకరత్నం ఎక్కింది. తను ప్రాణంగా పెంచుకున్న గేదెను మొగుడు చెప్పాపెట్టకుండా ఆడపడుచు ఇంటికి తోలేశాడట. ఆ కోపంలో పుట్టింటికి వెళ్లి, విడాకులకు కేసు వేసింది. ఆ వేళ ఆమె సాక్ష్యం చెబితే కాపురం తెగిపోయినట్టే.

"భర్త పేరు?" అన్నాడు గుమాస్తా.

నూకరత్నం తల దించుకుంది. "అదిగోనండి, ఆ స్తంభం పక్కన నీలం చొక్కా ఆయన."

"నీలం చొక్కా అని రాసుకోమంటావా?"

హాలంతా గొల్లుమంది. ఆయన పేరు అబ్బులు. నేను చెప్పొచ్చు, నాకేం తాళి కట్టలేదుగా!

జడ్జిగారు అందరినీ ఊరుకోమని, "ఆయన వద్దనే కదమ్మా వచ్చావు? పేరు చెబితే ఏమవుతుంది?" అన్నారు.

"మొగుడి పేరు చెబితే ఆయుష్షు తగ్గిపోద్దండి."

"ఎవరికి?"

"ఆయనకేనండి."

జడ్జిగారు కళ్లజోడు తీశారు. "తగ్గితే నీకేంటమ్మా?"

నూకరత్నం భోరుమంది. "అయ్యబాబోయ్, అంత మాటనకండి బాబూ! ఆయన నూరేళ్లు బతకాలండి!"

ఆమె ప్లీడరు నెత్తి కొట్టుకున్నాడు. నాకైతే ఎంత సంతోషమేసిందో! ప్లీడరు నేర్పని మాట విని ఎన్నాళ్లయిందని!

అబ్బులు ఒక్క ఉరుకున వచ్చాడు. "దాన్ని ఏడిపించకండి బాబూ! రత్తాలూ, తప్పయిపోయిందే, ఇవాళే గేదెను తోలుకొచ్చేస్తాను!" అంటూ ఆగకుండా నాలోకి ఎక్కేశాడు. ఒక్కరికే చాలని నాలో ఇద్దరూ ఇరుక్కుపోయారు. అప్పన్న చెరో చెయ్యీ పట్టి లాగితే గానీ ఊడి రాలేదు. జడ్జిగారు ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వారు. కేసు అక్కడితో సరి. వీరాచారి కొలత తప్పడం ఎంత మంచిదైందో!

ఇప్పుడు కొత్త భవనంలో కొత్త బోను ఉంది. నన్ను వెనక వరండాలో పెట్టారు. గుమాస్తాలు నాలో క్యారేజీలు పెట్టుకుంటారు. పప్పుచారు వాసన హాయిగానే ఉంటుంది.

మొన్న ఆ దంపతులు మనవరాలికి నన్ను చూపించడానికి వచ్చారు. పిల్ల నాలోకెక్కి, ప్లీడరులా వేలు చూపిస్తూ, "అమ్మమ్మా, తాతయ్య పేరు చెప్పు!" అంది.

నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముసిముసిగా నవ్వింది. ఎనభై ఏళ్ల అబ్బులు గబగబా ముందుకొచ్చాడు.

"చెప్పించకే తల్లీ! నాకింకా ఇరవై ఏళ్లున్నాయి."