ఏడుతో మొదలయ్యే సంఖ్య

ఆ దర్జీకి లెక్కలంటే టేపు మీద ఉన్నంతవరకే. ఆయన భార్య మాత్రం పిల్లలు హడలిపోయే లెక్కల టీచరు. ఉద్యోగం నుంచి దిగిపోయిన ఏడాదే ఆమెకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ మెల్లగా కోలుకున్నాయి గానీ నోటి వెంట మాట రాలేదు.

మాటలు నేర్పే డాక్టరమ్మ పిల్లి, గొడుగు, కుర్చీ బొమ్మలు చూపించి పేర్లడిగేది. ఈమె మొహం తిప్పుకునేది.

"ఆవిడకి అన్నీ అర్థమవుతున్నాయండీ. బాగా ఇష్టమైన విషయమేదైనా ఉంటే దాంతో కదిపి చూడండి," అంది డాక్టరమ్మ.

ఆయన తిన్నగా, ఆమెతో కలిసి పనిచేసిన లెక్కల మాస్టారి ఇంటికి వెళ్లాడు.

"మా ఆవిడకి నచ్చే లెక్క ఒకటి చెప్పండి మాస్టారూ. నా బుర్రకీ ఎక్కాలి, అదొక్కటే చిక్కు."

మాస్టారు నవ్వి కాగితం మీద 73939133 అని రాశాడు.

"ఒకటీ, ఈ సంఖ్యా తప్ప ఇంకేదీ దీన్ని శేషం లేకుండా భాగించలేదు. చివరి అంకె కొట్టెయ్యండి, మిగిలిందీ అంతే మొండిది. అలా ఒక్కొక్కటే కొట్టేస్తూ ఏడు దాకా రండి, ఎక్కడా లొంగదు. ఈ జాతిలో ఇదే అన్నిటికన్నా పెద్దది. దీని పక్కన ఏ అంకె చేర్చినా ఆ మొండితనం పోతుంది."

ఇంటికొచ్చి భార్యను బట్టలు కత్తిరించే బల్ల ముందు కూర్చోబెట్టాడు. నల్లగుడ్డ పరిచి, సుద్దతో ఆ సంఖ్య రాశాడు. ఆమె ముందుకు వంగింది. ఆయన చివరినుంచి ఒక్కో అంకె బొటనవేలితో తుడుస్తుంటే ప్రతిసారీ కాసేపు చూసి తలూపింది. ఏడు ఒక్కటే మిగిలేసరికి ఆమె పెదవి ఒక పక్కకి నవ్వింది. ఎన్నాళ్లకో చూసిన ఆ నవ్వుతో ఆయనకు కొంటెతనం వచ్చింది. సంఖ్యంతా మళ్లీ రాసి, చివర ఒకటి చేర్చాడు.

"చూశావా టీచరమ్మా, ఇంకా పెద్దది కనిపెట్టాను! దీన్నీ ఏదీ భాగించలేదు."

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. అడ్డంగా తలూపింది.

"భాగించలేదంటే భాగించలేదు. నాతో వాదించకు."

ఆమె పెదవులు వణికాయి. మెడనరాలు బిగిశాయి.

"త... త... తప్పు!"

ఆయన చేతిలో సుద్ద జారిపడింది. తన గొంతు తనకే వినిపించి ఆమె కూడా ఉలిక్కిపడింది. అయినా ఊరుకోలేదు. అంకెల మీద వేలు పెట్టి కూడుకుంటూ పోయి, చివర, "ముప్పై... తొమ్మిది," అంది. మళ్లీ, "మూడు" అంది.

అంకెల మొత్తం మూడుతో శేషం లేకుండా పోతే సంఖ్యా అలాగే పోతుందని ఆమె ఇంట్లో ట్యూషను పిల్లలకు చెప్పడం ఆయన కుట్టుమిషను వెనక నుంచి ఎన్నోసార్లు విన్నాడు.

"ముప్పై తొమ్మిదంటే గజం మీద మూడంగుళాలు. నిజమే, మూడు ముక్కలకీ సమానంగా తెగుతుంది. తప్పు నాదే," అన్నాడు. కళ్లు తుడుచుకుంటే సుద్ద కళ్లల్లో పడి ఇంకా నీళ్లు కారాయి.

ఆమె తన చీర కొంగు అందుకుని ఆయన చెంప మీద సుద్ద తుడిచింది. చాలాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంచింది. తర్వాత మాట కోసం వెతుక్కుంటూ వెతుక్కుంటూ అంది:

"ఏ... ఏవండీ. ఇంకోటి."

ఆయన దగ్గర ఇంకోటి లేదు. చెప్పులు వేసుకుని మాస్టారి ఇంటికి పరుగెత్తాడు.