ఒక సహోదరి

మా సంఘంలో ప్రార్థన చీటీల పెట్టె పెట్టించింది నేనే. కాబట్టి తప్పు ఇంకొకరి మీదికి నెట్టే వీలు లేదు.

కోరాపుట్‌లో మా తెలుగు సంఘం చిన్నది. నర్సులు, టీచర్లు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, పిల్లలు, అంతా కలిపి అరవై మంది. పాస్టరుగారు రాయగడ నుంచి నెలకోసారి వస్తారు. మిగిలిన ఆదివారాలు ఆరాధన నడిపేది నేనే. నా పేరు దేవప్రసాద్, హైస్కూల్లో లెక్కల మాస్టారిని. ఇంత చిన్న చోట ఒకరి కష్టం బయటపడితే సోమవారానికల్లా బజారంతా తెలిసిపోతుంది. అందుకని నియమం పెట్టాను. కష్టం ఉన్నవాళ్ళు పేరు లేకుండా చీటీ రాసి పెట్టెలో వెయ్యాలి. దస్తూరీ కూడా నా కంట పడకూడదు. ఆస్పత్రిలో నర్సుగా చేసే ఫ్లోరా చీటీలన్నీ ఒక కాగితం మీద తిరగరాసి ఇస్తే, నేను చదివి ప్రార్థన చేస్తాను. ఈ ఏర్పాటును పాస్టరుగారు మెచ్చుకున్నప్పుడు నేను పొంగిపోయాను.

జూన్ రెండో ఆదివారం ఆ కాగితంలో ఇలా ఉంది: "ఒక సహోదరికి రొమ్ములో గడ్డ. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే భయంగా ఉంది. తోడు రావలసిన భర్తకు తీరిక లేదు. ప్రార్థించండి."

ఆ సహోదరి నా భార్య ఇందుమతి. ఆ సంగతి నాకు తెలిసేసరికి పదకొండు చీటీలు చదివేశాను.

తీరిక లేని మాట నిజమే. మంగళవారం బడి విడవగానే బండి మీద దసమంతపూర్ వెళ్ళి అక్కడి కూటం నడిపి వచ్చేవాణ్ణి. శుక్రవారం మా ఇంట్లోనే ప్రార్థన, వచ్చిన ముప్ఫై మందికీ టీ. శనివారం రైలెక్కి కకిరిగుమ్మ, అక్కడి నుంచి కొండ మీది ఊరికి నడక. ఆదివారం ఆరాధన, దాని వెనకే పిల్లల బడి. మిగిలిన రోజుల్లో లెక్కల పేపర్లు దిద్దడం. ఒక శనివారం రైల్లో ఒళ్ళు తెలియకుండా నిద్రపోయి కకిరిగుమ్మ దాటిపోయి, రాయగడలో ఎవరో తట్టి లేపితే లేచాను. మర్నాడు ఆ సంగతి ఆరాధనలో సాక్ష్యంగా చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. మీలాంటి సేవకులు ఎంతమంది ఉన్నారు మాస్టారూ అన్నారు. నాకు సిగ్గు వెయ్యాలి. వెయ్యలేదు సరికదా, ఆ అలసటను గొప్పగా చెప్పుకుని తిరిగాను.

ఆ టీ పెట్టేది ఇందుమతి. పొద్దుటి నుంచి ఆఫీసులో గుమాస్తా పని చేసి, ఇంటికొచ్చి చాపలు పరిచి, ముప్ఫై మందికీ పాలు కాచేది. ఆ చీటీ రావడానికి ముందు, మే నెలలో అనుకుంటాను, నేను చొక్కా వేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఏవండీ, ఈ శనివారం నాతోటి ఆస్పత్రికి వస్తారేటి?"

"శనివారమా! ఏటి ఇందూ, కకిరిగుమ్మోళ్ళు టేషన్లో సూస్తుంటారు కదా. నీకేటయింది?"

"ఏటీ నేదులెండి."

నాకూ కావలసింది ఆ మాటే. సంచీ తగిలించుకుని వెళ్ళిపోయాను. ఒక్కతే వెళ్ళొచ్చు కదా, ఉద్యోగం చేసే మనిషే కదా అని మీరు అడగవచ్చు. నేనూ తరవాత అడిగాను. భయమేసిందట, పక్కన నేను ఉండాలనిపించిందట. నేను దొరకను గనుక పెట్టెలో చీటీ వేసింది. ఆఫీసులో రాసి రాసి అలవాటైన ఒడియా అక్షరాల్లో రాసింది. సంఘంలో ఒడియా బళ్ళలో చదువుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు, ఆ రాత ఎవరిదో ఫ్లోరాకీ తెలియలేదు.

జులైలో ఒక శుక్రవారం టీ గిన్నె దించడానికి ఇందుమతి పక్కింటి గున్నమ్మను పిలిచింది. వచ్చినవాళ్ళ చేత పని చేయిస్తుందేమిటని నాకు తల కొట్టేసినట్టయింది. అందరూ వెళ్ళాక కసిరాను. ఎడమ చెయ్యి లాగుతోందని చెప్పింది. కొబ్బరినూనె రాసుకోమన్నాను.

ఆ చీటీ మాత్రం ఆదివారం ఆదివారం వస్తూనే ఉంది, అవే మాటలతో. ఏడోసారి చదివేటప్పుడు నాకు ఒళ్ళు మండింది. కాగితం బల్ల మీద పెట్టేసి గొంతు పెంచాను. "ఎవరయ్యా ఆ భర్త? భార్యను ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి తీరిక లేనంతగా ఏం పనులు వెలగబెడుతున్నాడు? ఈ గదిలోనే ఉంటే సిగ్గుపడాలి!" అన్నాను. మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆరాధన అయ్యాక సంఘం సెక్రటరీ శరత్ బాబు బిక్కమొహంతో వచ్చి, "మాస్టారూ, నన్నేనా?" అని అడిగాడు. మర్నాడే సెలవు పెట్టి భార్యను పరీక్షకు తీసుకెళ్ళాడు. ఆవిడకు ఏమీ లేదు. ఇంకో ఇద్దరు కూడా తీసుకెళ్ళారని విన్నాను. నా మాట మా ఇల్లు తప్ప అందరిళ్ళకీ చేరింది.

ఆరోజు ఇంటికి నడుస్తుంటే ఇందుమతి అడిగింది.

"మీరన్నది ఆ మనిషికి తగిలుంటాదంటారా?"

"తగలాలి మరి. అంతలా సెప్పేను కదా," అన్నాను.

 నేను సాయంత్రం చెప్పాల్సిన ప్రసంగం గురించి ఆలోచించుకుంటూ నడిచాను.

పన్నెండో ఆదివారం కాగితంలో ఆ సహోదరి లేదు. ఫ్లోరాను అడిగితే, "ఈ వారం ఆ సీటీ రానేదు మాస్టారూ," అంది. నా ఆనందం ఇంతా అంతా కాదు. మన ప్రార్థన ఫలించింది, గడ్డయినా కరిగి ఉండాలి, ఆ భర్త మనసైనా కరిగి ఉండాలి అని ప్రకటించాను. అందరూ లేచి కృతజ్ఞతగా పాట పాడారు. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో ఇందుమతి కూడా లేచి నిలబడింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె కొట్టలేదు, ఎడమ చెయ్యి ఒంటికి ఆనించుకుని పాడింది. నేను చూశాను. చూసి కళ్ళు మూసుకుని పాట ఎత్తుకున్నాను.

ఆ చెయ్యిని ఫ్లోరా కూడా చూసింది. ఆరాధన అవగానే ఇందుమతిని వెనక గదిలోకి తీసుకెళ్ళి తలుపేసింది. పావుగంట తరవాత తను ఒక్కతే బయటికొచ్చింది. నేను పిల్లలకు చాక్లెట్లు పంచుతున్నాను.

"మాస్టారూ, కూకోండి. ఆ సీటీలు రాసింది ఇందుమతి వదిన."

"ఏ సీటీలు?"

"గడ్డ నిమ్మకాయంత ఉంది. సంకలో కూడా సేతికి తగుల్తంది. ఇంక ఒక్క వారం కూడా ఆపకూడదు."

ఆ మధ్యాహ్నం ఇంట్లో నేను అడిగిన మొదటి మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం. ఎలా ఉందని అడగలేదు. నీ పేరు రాసుండొచ్చు కదా అన్నాను.

"పేరు రాయొద్దన్నది మీరే కదా," అంది.

"మరి ఈ వారం ఎందుకు మానేసేవు?"

"ఎన్నిసార్లు రాస్తాన్లెండి. సదివి సదివి మీకూ ఇసుగొచ్చీసుంటాది."

రాయగడలో ఫ్లోరాకు తెలిసిన డాక్టరమ్మ ఉంది. ఆవిడ శనివారానికి రమ్మంది. అదే రైలు, నేను ప్రతి శనివారం ఎక్కేదే. కిటికీ పక్కన ఇందుమతి, ఎదురుగా ఫ్లోరా. ఆ వారం రావడం లేదని కకిరిగుమ్మకు కబురు పెట్టడం నేను మర్చిపోయాను. ప్లాట్‌ఫారం మీద ఐదుగురు నిలబడి ఉన్నారు, అక్కడి సంఘ పెద్ద చేతిలో ఎప్పటిలా నాకివ్వడానికి తెచ్చిన అల్లం మూట. నన్ను కిటికీలో చూసి చేతులెత్తి నవ్వుతూ రైలు పెట్టె వెంట పరిగెత్తుకొచ్చారు.

"దిగిపోండి," అంది ఇందుమతి. "పాపం, ఆళ్ళు సూస్తన్నారు. నాకు ఫ్లోరా ఉంది కదా."

దెప్పుతోందేమోనని ఆమె మొహంలోకి చూశాను. దెప్పడం లేదు. పదహారేళ్ళుగా నన్ను పంపించడం ఆమెకు అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే, ఆ మాటకు నేను సగం లేచాను కూడా. ఫ్లోరా నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. రైలు కదిలాక వాళ్ళు ఏమీ అర్థం కాక చూస్తూ ఉండిపోయారు.

డాక్టరమ్మ తెలుగావిడే. తెర వెనక చాలాసేపు చూసింది. బయటికొచ్చి చేతులు కడుక్కుని, ముక్క తీసి పరీక్షకు పంపాలని, దాని ఫలితం వచ్చాక విశాఖపట్నం వెళ్ళాల్సి ఉంటుందని చెప్పింది. ఆశ పెట్టే మాట ఒక్కటీ చెప్పలేదు. కలం తీసి కాగితం మీద పెట్టింది.

"ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?"

ఇందుమతికి సరిగ్గా గుర్తు లేదు. నా వైపు చూసింది. ఆ గదిలో ఆ లెక్క తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"జూన్ రెండో ఆదివారానికి ముందు నుంచి," అన్నాను.

డాక్టరమ్మ కలం ఆపింది. "వారంతో సహా చెబుతున్నారు. అంటే మీకు అప్పుడే తెలుసా?"

నేను నోరు తెరిచేలోపే ఇందుమతి అందుకుంది. ఎవరైనా నన్ను తప్పుపడతారని అనిపిస్తే అడ్డు రావడం ఆమె అలవాటు.

"ఈయన్నేటీ అనకండి డాక్టరమ్మా. ప్రతి ఆదివారం నా కోసం ప్రార్థన సేసేరు. ఒక్క వారం కూడా మానలేదు."

డాక్టరమ్మ కాసేపు నన్నే చూసి, తల వంచి ఆ తేదీ రాసుకుంది.