కంఠతా వచ్చిన చార్టు

దీపం కిందే చీకటని ఊరికే అనలేదు పెద్దలు. ఊరందరి చూపూ సరిచేసే కళ్లజోళ్ల దుకాణదారుకి సొంత కూతురి కన్ను సంగతి పదకొండేళ్లు తెలియలేదు. అలాగని ఆయన అశ్రద్ధ మనిషేం కాదు. ఏటా బడి తెరిచే ముందు కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కో కన్నూ మూసి, గోడ మీది అక్షరాల చార్టు చదివించేవాడు. అది కింది వరుస దాకా గడగడా చదివేస్తే మురిసిపోయేవాడు.

ఆ చార్టు ముందే పిల్ల పాకింది, నడిచింది, మాటలు నేర్చింది. దుకాణానికి వచ్చినవాళ్లంతా పైకి చదువుతుంటే విని విని దానికి చార్టు మొత్తం కంఠతా వచ్చేసింది. మోసం చేద్దామని కాదు పాపం. నాన్న చదవమన్నాడు, అది ఒప్పజెప్పింది.

ఈసారి బడిలో కంటి పరీక్షకి వేరే చార్టు పెట్టారు. కుడికన్ను మూసేసరికి పిల్ల మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది.

కంటి డాక్టరమ్మ ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఎడమకంటికి చిన్నప్పటి నుంచీ సైటు చాలా ఎక్కువట. అది పంపే మసక బొమ్మను మెదడు పట్టించుకోవడం మానేసిందట. మెల్ల లేదు కాబట్టి బయటికి కనిపించలేదు. ఇప్పుడు అద్దాలొక్కటే చాలవు, రోజూ కొన్ని గంటలు మంచి కన్ను మూసి ఆ బద్ధకపు కంటిచేత పని చేయించాలి.

“చూపు వస్తుందా అమ్మా?” అన్నాడాయన.

“ఏడేళ్లలోపు తెచ్చుంటే ధైర్యంగా చెప్పేదాన్ని. ఇప్పుడైనా కొంత రావచ్చు. ఎంతని మాటివ్వలేను.”

ఎవరిని తిట్టాలో తెలియక ఇంటికొచ్చి భార్యను తిట్టాడు. ఆవిడ తిరిగి ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేదనిపించింది ఆయనకు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మర్నాటి నుంచి సాయంత్రాలు దుకాణంలో కూతురి కుడికంటికి పట్టీ అంటించి, కొత్త కళ్లజోడు పెట్టి, పెద్దక్షరాల పుస్తకం ముందు పెట్టేవాడు. పిల్ల కాగితానికి ముక్కు ఆనించి, వేలితో తడుముకుంటూ చదువుతుంటే చూడలేకపోయేవాడు. చుట్టూ అలమరాల నిండా అద్దాలే. అందులో ఒక్కటీ ఇంతకంటే సాయం చేయలేదని ఆయనకు తెలుసు.

నెల గడిచింది. ఒకరోజు పట్టీ తీస్తూ ఉండబట్టలేక అడిగాడు.

“ఆ కన్ను సరిగ్గా కనిపించట్లేదని ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదేం తల్లీ?”

పిల్ల రెప్ప నలుపుకుంటూ తండ్రిని వింతగా చూసింది.

“అందరికీ అంతే అనుకున్నా నాన్నా. ఒకటి చూడ్డానికి, రెండోది తోడుకి.”

ఆయన రేపటి పట్టీ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.