ఒక్క ఊపిరి గొట్టం

నేను ఒక గొట్టాన్ని. వంటింట్లో పొయ్యి ఊదే ఇనుప గొట్టాన్ని కాదు, అంత గౌరవం నాకెవరూ ఇవ్వలేదు. తాగి బండి నడిపేవాళ్లను పట్టుకునే మిషను ఒకటి ఉంటుంది చూడండి, దాని నెత్తిన గుచ్చే తెల్లటి ప్లాస్టిక్ గొట్టాన్ని. వేలెడంత ఉంటాను. మిషనుకు పేరుంది, నంబరుంది, పెట్టుకోవడానికి బీరువా ఉంది. నాకు అవేమీ లేవు. కానీ మనిషి నోటికి తగిలేది నేను, అది కాదు. ఈ ముక్క గుర్తు పెట్టుకుని నా కథ వినండి.

ఊరి పేరు తెలియని ఒక ఫ్యాక్టరీలో అచ్చులోంచి ఊడిపడ్డాను. నాతోపాటు పుట్టిన తోబుట్టువులకు లెక్కలేదు. చేతులకు తొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి మమ్మల్ని విడివిడిగా కవర్లలో పెట్టి అంటించింది. ఆ కవరు మీద 'ఒకసారి వాడి పారేయండి' అని అచ్చు వేసి ఉంది. అదే నా జాతకం. ఒక నోరు, ఒక ఊపిరి, తర్వాత చెత్తబుట్ట. అయ్యో పాపం అనకండి. చెత్తబుట్ట మాకు చావు కాదు, ధర్మం. ఎవరి ఊపిరి వాళ్లదే, ఎవరి తప్పు వాళ్లదే అని తేల్చడానికే మేము పుట్టాం.

ఆ ధర్మాన్ని ఒక ఆదివారం సాయంత్రం కాలవ వంతెన దగ్గర మట్టిలో కలిపారు.

పోలీసులు రోడ్డుకు అడ్డంగా బారికేడ్లు పెట్టి బండ్లు ఆపుతున్నారు. మా ప్యాకెట్టు స్టేషనులోనే మరిచిపోయి వచ్చారట. జీపులో పడి ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. పోలినాయుడు అనే కానిస్టేబులు నా కవరు విప్పి నన్ను మిషనుకు గుచ్చాడు. మొదటి మనిషి ఊదాడు. నా పని అయిపోయింది, ఇక నన్ను పారేస్తారు అనుకున్నాను.

"వెనక్కెళ్లి ప్యాకెట్టు తెమ్మంటారా సార్?" అని పోలినాయుడు అడిగాడు.

"ఆ, ఏముందిలే. తుడిచి పెట్టు," అన్నారు ఎస్సైగారు.

దేంతో తుడిచాడనుకున్నారు? మెడ చెమట తుడుచుకున్న చేతిరుమాలుతో. తుడుస్తున్నప్పుడు అతని చెయ్యి సిగ్గుపడిందని మాత్రం ఒప్పుకుంటాను.

ఆ తర్వాత నేను చూసిన నోళ్లు అన్నీ ఇన్నీ కావు. జర్దా కిళ్లీ నమిలే నోరు, బిర్యానీ తిని కడుక్కోని నోరు, ఊదమంటే ఊదకుండా 'నేనెవరి తాలూకానో తెలుసా' అని అరిచే నోరు. మనిషికి భయం వేస్తే దొరికినదాన్ని కొరుకుతాడని ఆ సాయంత్రమే తెలుసుకున్నాను. నా ఒంటి నిండా పళ్లగాట్లు పడ్డాయి. అందరికన్నా గట్టిగా కొరికినవాడు మీసం సరిగా మొలవని ఒక కాలేజీ కుర్రాడు. వాడి ఊపిరికి నాకే తల తిరిగింది. మిషను కుయ్యిమని మొత్తుకుంది. అంతలో ఎస్సైగారి ఫోను మోగింది. అవతల ఎవరో పెద్దమనిషి. "మనవాడే, పంపించెయ్," అన్నారు ఎస్సైగారు ఫోను పెట్టేసి. కుర్రాడు అదే బండి ఎక్కి తూలుకుంటూ పోయాడు. నన్ను ఈసారి తుడవను కూడా తుడవలేదు.

వెంటనే వంతు వచ్చినవాడు బుల్లబ్బాయి. ఊళ్లో ఒక ప్రైవేటు స్కూలుకు వ్యాను తోలతాడు. ఖాకీ చొక్కా, మెడలో తువ్వాలు. మోపెడ్ ఆపి దిగాడు. మాట్లాడినప్పుడల్లా తువ్వాలు కొస నోటికి అడ్డం పెట్టుకునే అలవాటు అతనికి.

"పైపు మార్చండి బాబూ. ఇప్పుడా కుర్రోడి నోట్లోంచే కదండీ తీశారు," అన్నాడు.

"నాకు రూల్సు చెబుతావా? ఊదు," అన్నారు ఎస్సైగారు.

ఊదాడు. పసిబిడ్డ పాలపీక పట్టినట్టు, నన్ను ఉత్త పెదాలతో పట్టుకున్నాడు. అతని ఊపిరిలో మందు లేదు. కాసిని టీ, కాస్త ఉల్లిపాయ, అంతే. కానీ నా లోపల కుర్రాడి తడి ఇంకా ఆరలేదు. మిషను కుయ్యిమంది.

"నేను మానేశానండి! మందు ముట్టి ఏళ్లయిపోయిందండి!"

"మానేసినోడివైతే మిషనెందుకు అరిచింది?"

"అది మీరు మిషన్ని అడగాలండి. నన్ను ఆసుపత్రికి తీసుకుపోయి రక్తం తీయించండి."

ఆసుపత్రికి తిప్పే తీరిక తమకు లేదన్నారు ఎస్సైగారు. బుల్లబ్బాయికి ఒళ్లు మండింది. మిషను మీదున్న నన్ను లాగి చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఇది నా దగ్గరే ఉంటాదండి," అన్నాడు. వాడేసిన ప్లాస్టిక్ ముక్కే కదా అని పోలీసులు నన్ను వెనక్కి లాక్కోలేదు గానీ, ఆ కోపంలో అతని మీద రెండో నేరం కూడా రాశారు, పైపును బలవంతంగా లాక్కున్నాడని. ఆ రాతను మీరు మరిచిపోకండి. నేనైతే మరిచిపోలేదు.

బుల్లబ్బాయి ఒకప్పుడు తాగేవాడు. దాచడమెందుకు, ఊరందరికీ తెలిసిందే. ఒకనాడు తప్పతాగి కాలవ లాకుల మెట్ల మీద బోర్లాపడి పైవరస ముందు పళ్లన్నీ రాలగొట్టుకున్నాడు. ఆ రోజుతో మానేశాడు. తువ్వాలు అడ్డం పెట్టుకోవడం మొదలైంది కూడా ఆ రోజునుంచే. అన్నాళ్లు తాగి తిరిగినా అతన్ని ఒక్కరూ ఆపలేదు. మానేశాక పట్టుకున్నారు. మనుషుల న్యాయం ఇలాగే ఉంటుంది, దొంగ దాటిపోయాక తలుపు తీసి బయటికొచ్చినవాణ్ణి పట్టుకుంటారు.

ఊరు మాత్రం ఊరుకుంటుందా? 'కుక్కతోక వంకర పోతుందా' అంది. స్కూలు కరస్పాండెంటుగారు పిలిచి, కేసు తేలేదాకా వ్యాను ఎక్కొద్దన్నారు. తాగినట్టు తేలితే ఇక ఎప్పటికీ ఎక్కొద్దన్నారు. నమ్మింది ఒక్క మరిడమ్మ, అతని భార్య. ఇంటికి రాగానే దగ్గరకు వచ్చి ఒకసారి వాసన చూసింది. "లాయరు దగ్గరకి పద," అంది.

కోర్టు ఎదురుగా జిరాక్సు షాపు మీద గదిలో లాయరు హైమవతిగారు ఉంటారు. ఇలాంటి కేసులు రోజూ చూసి చూసి, మనిషి కూర్చోకముందే ఆవిడ దగ్గర సలహా తయారుగా ఉంటుంది.

"తప్పు ఒప్పేసుకోండి. జరిమానా కట్టేస్తే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు. కాదంటే వాయిదాల మీద వాయిదాలు తిరగాలి."

"తాగినోళ్లకి చెప్పే సలహాయే తాగనోళ్లకీ చెబుతారాండి?" అంది మరిడమ్మ.

"తాగలేదనే అందరూ అంటారమ్మా."

"ఈయన తాగొచ్చే రోజుల్లో వీధి మలుపు తిరక్కముందే నా ముక్కు చెప్పేసేదండి. ఆళ్ల మిషను నిన్నగాక మొన్నొచ్చింది. నా ముక్కు పాతది."

హైమవతిగారు నవ్వారు. "మీ ముక్కును కోర్టు సాక్షిగా తీసుకోదమ్మా," అన్నారు.

అప్పుడు బుల్లబ్బాయి తనకు ముందు ఊదిన కుర్రాడి సంగతీ, ఎస్సైగారికి వచ్చిన ఫోను సంగతీ చెప్పి, నన్ను తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ నన్ను కాగితంతో పట్టుకుని కిటికీ దగ్గరకు తీసుకెళ్లారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. నాకు నోరుంటే అక్కడే అరిచేదాన్ని. ఊరందరి నోళ్లూ నాలోనే తెరుచుకున్నాయి గానీ నాకు మాత్రం నోరు లేదు!

"ఇంతగా కొరికారేం?" అని అడిగారు ఆవిడ.

"నేనాండి? ఏ పళ్లతో కొరకమంటారండి?"

ఆవిడ వెనక్కి తిరిగారు. "తువ్వాలు తీయండి," అన్నారు. బుల్లబ్బాయి సిగ్గుపడుతూ తీశాడు. ఆవిడ అతని నోరు చూశారు, నన్ను చూశారు, పోలీసుల కాగితం తీసి రెండో నేరం చదివారు. అప్పటిదాకా కుర్చీలో జారగిలబడి మాట్లాడిన మనిషి నిటారుగా కూర్చున్నారు.

"ఇదే పైపు అని వాళ్లే రాసిచ్చారు! ఇరవై ఒకటి నిండని కుర్రాడికి మందు అమ్మడం ఒక నేరం. తాగి బండి నడపడం ఇంకొకటి. ఆ రెండూ ఒక్క ఫోనుతో మాఫీ అయిపోయాయి, మీకు లేని నేరం అంటించారు. కానీ ముందే చెబుతున్నాను, కొట్లాడి ఓడిపోతే లైసెన్సు పోతుంది, జైలు కూడా పడొచ్చు. ఆలోచించుకోండి."

"ఒప్పుకుంటే వ్యాను పోద్ది. ఓడిపోయినా వ్యాను పోద్ది. ఆ పోయేదేదో నిజం చెప్పాకే పోనివ్వండి," అన్నాడు బుల్లబ్బాయి.

ఆవిడ నన్ను ఒక కవర్లో పెట్టి అంటించారు. పుట్టాక రెండోసారి కవర్లోకి వెళ్లాను.

మొదటి వాయిదా రోజు నిందితులందరినీ వరసగా నిలబెట్టారు. తప్పు ఒప్పుకుంటున్నారా అని అడిగితే, బళ్లో ప్రార్థన చెప్పినట్టు ఒకరి వెనక ఒకరు ఒప్పుకుంటున్నామన్నారు. బుల్లబ్బాయి వంతు వచ్చింది. "తాగలేదండి," అన్నాడు. గుమాస్తా రాయడం ఆపి తలెత్తి చూశాడు. ఆ మాట వినడం మరిచిపోయి ఎన్నాళ్లయిందో పాపం.

వాయిదాలు గడిచి గడిచి విచారణ వచ్చింది. ఎస్సైగారు బోనెక్కారు. హైమవతిగారు నన్ను చూపించారు.

"ముద్దాయి లాక్కున్న పైపు ఇదేనా?"

"ఇదే."

"ఆయన ఊదింది దీంతోనేనా?"

"దీంతోనే. అప్పుడే కవరు విప్పిన కొత్త పైపు."

"ఆయన తర్వాత ఇంకెవరైనా ఊదారా?"

"ఎలా ఊదుతారండీ, జేబులో వేసుకుని పోతే!"

"బుల్లబ్బాయిగారూ, తువ్వాలు తీసి మెజిస్ట్రేటుగారికి నోరు చూపించండి."

ఏళ్లతరబడి భార్య ఎదుటా, ఒక్కసారి లాయరుగారి ఎదుటా తప్ప తెరవని నోరు అది. బుల్లబ్బాయి తువ్వాలు దించి, కోర్టు కోర్టంతా చూస్తుండగా బార్లా తెరిచాడు. మెజిస్ట్రేటుగారు నన్ను దీపం కిందకు తెప్పించుకుని, కళ్లజోడు సవరించుకుని, నా మీది గాట్లు చూశారు. పైనా కిందా రెండు వరసలూ స్పష్టంగా ఉన్నాయి.

సర్కారు లాయరు లేచాడు. "పైపు ఇన్నాళ్లూ వాళ్ల దగ్గరే ఉంది. ఎవరిచేతనైనా కొరికించి ఉండొచ్చు," అన్నాడు. నా గుండె, ఉంటే, ఆగిపోయేది. ఆ మాట కాదంటే కోర్టు నమ్మేవాళ్లలో నిజం తెలిసినవాళ్లు ఆ గదిలో ఇద్దరే ఉన్నారు. ఒకరు బోనులో ఉన్న ఎస్సైగారు. రెండోవాడు పోలినాయుడు.

తర్వాతి సాక్షి అతనే. ప్రమాణం చేశాడు. "ఆ రోజు ఎన్ని కొత్త పైపులు పట్టుకెళ్లారు?" అని అడిగారు హైమవతిగారు. పోలినాయుడు ఎస్సైగారి వైపు చూశాడు. తర్వాత బుల్లబ్బాయి నోటి వైపు చూశాడు. బుల్లబ్బాయి తువ్వాలు మళ్లీ పైకి ఎత్తలేదు.

"ప్యాకెట్టు మర్సిపోయాం మేడం. ఒక్కటే ఉంది. అందరికీ దాన్నే తుడిసి ఎట్టాను," అన్నాడు. ఆగి, "ఈ బాబుకి ముందు ఊదిన కుర్రోడయ్యాక తుడవనేదు కూడా," అన్నాడు.

ఇన్ని నోళ్లు తిరిగిన గొట్టంలోంచి వచ్చిన కొలత ఎవరిదో తేల్చలేమని, ఒకసారి వాడి పారేయాల్సినదాన్ని తీసుకోవడం నేరం కాదని, రెండు నేరాలూ కొట్టేస్తున్నామని మెజిస్ట్రేటుగారు చెప్పారు.

బుల్లబ్బాయి గట్టిగా నవ్వాడు. తువ్వాలు భుజం మీదే ఉండిపోయింది.

"నోరు మూసుకో, నలుగురూ చూత్తన్నారు," అంది మరిడమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

"చూడనియ్యే," అన్నాడు. "సోమారం పిల్లలు కూడా చూత్తారు."

ఇప్పుడు నేను కోర్టువాళ్ల సామాన్ల గదిలో ఉన్నాను. ఒక పక్క సారా క్యాను, ఇంకో పక్క ఎవరిదో దొంగ సైకిలు. గడువు తీరాక నన్ను పారేస్తారట. పారేయండి, నాకేం బెంగ లేదు. పారేయడానికే పుట్టినదాన్ని. నా కోపమల్లా పారేయాల్సిన రోజున పారేయనందుకు. ఆ వంతెన దగ్గర ఈ సాయంత్రం కూడా ఎవరినో ఒకరిని ఆపుతూనే ఉంటారు. మీరు తాగి ఉంటే నా దగ్గర మీకు జాలి దొరకదు, బండి అక్కడే పెట్టి నడిచి పోండి. తాగకపోతే మాత్రం, కొత్త కవరు మీ కళ్లముందు విప్పేదాకా నోరు తెరవకండి.